గిన్నె అడుగున మిగిలినవి

మీ అమ్మమ్మ చేతి వంటలో నీకు ఇప్పటికీ బాగా గుర్తున్నదేమిటి నాన్నా అని ఈ మధ్య మా అమ్మాయి అడిగింది. సంక్రాంతి అరిసెలో, పెళ్ళిళ్ళకు వండిన బూరెలో చెబుతానని అనుకున్నట్టుంది. కాసేపు ఆలోచించి, "నెయ్యి కాచిన గిన్నె అడుగున మిగిలే గసి" అన్నాను. ఆ మాట అన్న తరువాత నా మనసు అక్కడ ఆగలేదు. పాలకుండ గోకు, రోట్లో తుడిచి కలిపిన ముద్ద, అన్నం మాడు, రాచ్చిప్పలో మరునాటికి మిగిలిన పులుసు ఒకదాని వెంట ఒకటి గుర్తుకు వచ్చాయి. అన్నీ ఏదో ఒక పాత్ర అడుగును అంటిపెట్టుకుని ఉన్నవే. విస్తట్లో వడ్డించేవి కావు, చుట్టాలకు పెట్టేవి కావు, వంటల పేర్లు చెప్పమంటే ఎవరి నోటా వచ్చేవి కావు. వంటింట్లో ఆ వేళకు ఉన్నవారికి మాత్రమే దక్కేవి.

అమ్మమ్మగారి ఊరు తెనాలికి దగ్గరలో, కృష్ణా కాలువ ఒడ్డున ఉంటుంది. 1980ల మొదటి సంవత్సరాలలో, వేసవి సెలవులు ఇచ్చిన మరునాడే మమ్మల్ని అక్కడికి పంపేవారు. పెద్దమ్మ పిల్లలు ఇద్దరు, మామయ్య పిల్లలు ముగ్గురు, నేను, కలిసి ఆరుగురం. వేసవిలో కాలువలు కట్టేస్తారు కనుక ఈతలు ఉండవు. బురద నెర్రెలు విచ్చిన కాలువ అడుగున ఆల్చిప్పలు ఏరుకోవడం తప్ప వేరే పని ఉండేది కాదు. ఎండ ముదిరితే అది కూడా మాని వంటింటి చుట్టూ చేరేవాళ్ళం. వంటిల్లు ఇంటికి వెనుక విడిగా, తాటాకు కప్పుతో ఉండేది. పేడతో అలికిన నేల మీద గట్టుగా కట్టిన రెండు మట్టి పొయ్యిలు, ఒక మూల దాలి, గుమ్మం బయట రోలు, దానికి నాలుగడుగుల దూరంలో కుడితి తొట్టి. తెల్లవారుజామున పాలు పితకడంతో మొదలై, రాత్రి మిగిలిన అన్నంలో చద్దికని నీళ్ళు పోయడంతో ముగిసే అమ్మమ్మ రోజంతా ఈ నాలుగింటి మధ్యనే గడిచేది. అడుగు చూడకుండా ఏ పాత్రనూ ఆమె తోమడానికి వేయగా నేను చూడలేదు.

దాలి అంటే ఈ కాలపు పిల్లలకు తెలియకపోవచ్చు. వంటింటి మూల నేలలో తీసిన గుంట అది. అందులో పిడకలు పేర్చి, నిప్పు వేసి, పైన పాలకుండ పెట్టి మూకుడు మూస్తారు. పిడకలు మంట ఎత్తవు; నివురు కింద నిప్పు నెమ్మదిగా పాకుతూ ఉంటుంది కాబట్టి పాలు పొంగిపోవు, పొద్దున పెట్టినవి సాయంత్రం దాకా సన్నగా కాగుతూనే ఉంటాయి. పొద్దుగూకే వేళకు ఆ గేదెపాలు లేత ఎరుపుకు తిరిగి, పైన అరిటాకంత మందాన మీగడ కట్టేది. పాలను తోడు పెట్టడానికి వేరే కుండలోకి వంచిన తరువాత, ఖాళీ కుండ గోడలకూ అడుగుకూ గోధుమరంగు పొర ఒకటి పట్టుకుని ఉండేది. దానిని మేము పాలగోకు అనేవాళ్ళం.

గోకు తీయడానికి ఇనుప గరిటె పనికిరాదు, కుండ పెచ్చులూడుతుంది. అందుకోసం అమ్మమ్మ ఒక ఆల్చిప్పను దాచుకునేది. ఎన్నో ఏళ్ళుగా గీకి గీకి దాని అంచు కాగితంలా పలచబడి పోయింది. లోపలి వైపు మాత్రం ముత్యపు మెరుపు పోలేదు. ఆమె పీట మీద కూర్చుని, కుండను ఒళ్ళో ఒరగబెట్టుకుని, ఎడమచేత్తో మూతి పట్టుకుని, కుడిచేతి ఆల్చిప్పను అడుగు నుంచి పైకి లాగేది. గరగరమనే చప్పుడుతో పాటు ఆ పొర చుట్టలు చుట్టుకుంటూ వచ్చి చిప్పలో చేరేది. తీపి, ఆ తీపి వెనుక కొద్దిగా చేదు, దానితో పాటు పిడకల పొగ వాసన. పళ్ళకు అంటుకుని కాసేపటి దాకా వదిలేది కాదు. మాగాయకు మామిడికాయల చెక్కు తీయడానికి మధ్యలో రంధ్రం అరగదీసిన ఇంకొక ఆల్చిప్ప ఉండేది గాని, ఆ రెండింటినీ ఒక్కచోట ఉంచనిచ్చేది కాదు. పులుపు తగిలిన చిప్ప పాలకుండలో పడితే మరునాటి పాలు విరుగుతాయని ఆమె భయం. అది న్యాయమైన భయమే.

అన్నం విషయంలో అడుగు మరొక రకంగా దక్కేది. ఇత్తడి గుండిగలో ఎసరు తెర్లినప్పుడు బియ్యం పోసి, మెతుకు పట్టి చూసి, సిబ్బి మూసి గంజి వార్చి, ఆ తరువాత గుండిగను నిప్పుల మీద ఉమ్మగిల్లడానికి పెట్టేవారు. ఉమ్మగిల్లే ఆ పావుగంటలోనే అడుగు మెతుకులు ఎర్రబడి చెక్క కట్టేవి. ఆ మాడు తాతయ్యది. మాలో ఎవరికీ దాని మీద హక్కు లేదు. భోజనం చివర మజ్జిగలో మాడు చెక్కలు వేసుకుని, ఉప్పుకల్లు నంజుకుంటూ ఆయన నమిలే చప్పుడు అరుగు మీదికి వినిపించేది. 1986లో బాపట్ల నుంచి బీపీటీ 5204 అనే వంగడం, అందరూ సాంబ మసూరి అని పిలిచేది, విడుదలైన కొన్నాళ్ళకు తాతయ్య కూడా ఆ సన్నరకమే వేశారు. అన్నం మల్లెపువ్వులా ఉందని అందరూ మెచ్చుకుంటే, మాడు మాత్రం మునుపటిలా మందంగా కట్టడం లేదని, ఏమరుపాటుగా ఉంటే బొగ్గయిపోతోందని అమ్మమ్మ బాధపడేది. ఆమె చింత ఆ పంట ధర గురించి కాదు, ఆయన మజ్జిగ అన్నం గురించి.

వార్చిన గంజి కూడా ఊరికే పోయేది కాదు. ఒక చెంబుడు తీసి, ఉప్పూ మజ్జిగా కలిపి మా చేతికి ఇచ్చేది. ఇంకొంత తాతయ్య పంచెలకు పెట్టడానికి. మిగిలినదంతా బియ్యం కడిగిన నీళ్ళతో, తవుడుతో, కూరగాయల తొక్కలతో కలిసి కుడితి తొట్టిలోకి వెళ్ళేది. సాయంత్రం గేదె ఆ తొట్టిలో మూతి ముంచి, ఊపిరి బుడగలు తేలేట్టుగా తాగేది. పొద్దున గుండిగలోంచి పోయినది మరునాటికి పాలై దాలి మీది కుండలోకి చేరేదన్నమాట. ఆ వరుస నాకు ఆ వయసులో తెలియలేదు. ఇప్పుడు వంటగది సింకులోకి బియ్యం కడుగు పారబోసే ప్రతిసారీ తెలుస్తోంది.

రోటి దగ్గర మాత్రం పిల్లలకు హక్కులు ఉండేవి. కందిపచ్చడి చేసే రోజున కందిపప్పును దోరగా వేయించి, ఎండుమిరపకాయలు, జీలకర్ర, ఉప్పు, రెండు వెల్లుల్లి రెబ్బలు, ఒక్క రవ్వ చింతపండు వేసి, చేత్తో నీళ్ళు చిలకరిస్తూ నూరేది. వేయించిన పప్పు వాసన, రోటి రాయి తడిసిన వాసన కలిస్తే వచ్చే వాసనను ఇంకెక్కడా నేను మళ్ళీ చూడలేదు. నూరడం పూర్తయ్యాక పచ్చడిని గిన్నెలోకి తీసేది గాని, రోటి గుంటలో, పచ్చడి బండ మొదట్లో, గరుకు రాతి కంతల్లో ఇంకా కొంత మిగిలే ఉంటుంది. దానిని చేత్తో తీయాలంటే రాదు. గుప్పెడు వేడి అన్నం రోట్లో వేసి, గోడలకు అద్దుతూ గుండ్రంగా తిప్పితే, రాయిలో దాగినదంతా ఆ మెతుకులకు పట్టుకుని వచ్చేది. చుక్క నెయ్యి వేసి ఆ ముద్ద చేతిలో పెట్టేది. బండ పట్టినవారికే ఆ ముద్ద అని నియమం. అందుకే కందిపచ్చడి అనగానే రోటి దగ్గరికి ముందు పరుగెత్తడానికి మేము పోటీ పడేవాళ్ళం. ఎనిమిదేళ్ళ పిల్లవాడు బండను నాలుగుసార్లు కూడా సరిగ్గా దంపలేడు. ఆ నాలుగు దెబ్బలనే ఆమె లెక్కలోకి తీసుకునేది. పైన అన్నం చేయి కాలేంత వేడి, అడుగున తగిలిన వైపు రాతి చల్లదనం. ఆ రెండూ ఒకే ముద్దలో నాలుకకు తెలిసేవి.

గోంగూర నూరినప్పుడూ ఇదే పద్ధతి గాని, ఆ ముద్దలోకి పచ్చి ఉల్లిపాయ ముక్క ఒకటి అదనంగా దొరికేది.

రాచ్చిప్ప గురించి చెప్పకుండా పులుసు గురించి చెప్పలేను. మెత్తటి రాతిని తొలిచి చేసే గిన్నె అది. చింతపండు పులుపు ఇత్తడికీ రాగికీ పడదు. కళాయి పోయిన గిన్నెలో పులుసు కాస్తే కిలం ఎక్కి రుచి పాడవుతుంది, ఒంటికీ మంచిది కాదు. రాతికి ఆ చిక్కు లేదు. కొత్త రాచ్చిప్ప తెచ్చినప్పుడు వెంటనే పొయ్యి మీద పెట్టేవారు కాదు. నూనె, పసుపు పట్టించి, రోజూ వేడి గంజి పోసి ఉంచి, కొన్నాళ్ళపాటు అలవాటు చేసేవారు. లేకుంటే మొదటి సెగకే పగులుతుంది. అలా అలవాటైన చిప్ప వేడెక్కడానికి ఎంత ఆలస్యం చేస్తుందో, చల్లారడానికీ అంతే ఆలస్యం చేస్తుంది. పొయ్యి మీది నుంచి దించి చుట్టకుదురు మీద పెట్టిన తరువాత కూడా పులుసు కుతకుతమంటూనే ఉండేది. దించిన తరువాత కూడా ఉడుకుతుందని తెలిసి, ముక్కలు ఇంకా కొంచెం పలుకుగా ఉండగానే దించడం ఆమె నేర్పు. సొరకాయ, తీపి గుమ్మడి, వంకాయ, ములక్కాడ, చిలగడదుంప వేసి చిన్న బెల్లం ముక్కతో కాచిన ఆ పులుసు మధ్యాహ్నం అందరికీ ఒకలాగే ఉండేది. నాకు గుర్తున్నది మరునాటి పొద్దుటిది. రాత్రంతా రాతిలో ఉండి, నీరంతా ముక్కల్లోకి ఇంకి, అడుగున గరిటెడు గుజ్జు మాత్రం మిగిలేది. చద్దన్నం నీళ్ళు పిండి, ముద్దలు చేసి, ప్రతి ముద్ద మీద బొటనవేలితో గుంట నొక్కి, ఆ గుంటలో అంత గుజ్జు పెట్టి ఇచ్చేది. పెద్దల మాట చద్దిమూట అని బడిలో చదువుకున్నప్పుడల్లా నాకు ఆ బొటనవేలి గుంటే కనిపించేది.

ఇక నెయ్యి. దీని గురించి కొంచెం ఎక్కువగానే చెప్పాలి.

వారం పొడవునా కవ్వంతో చిలికి తీసిన వెన్నను చల్లటి నీళ్ళలో ఉంచి, శనివారం మధ్యాహ్నం కుంపటి మీద కాచేది. నాకు పదేళ్ళప్పుడు ఒక శనివారం, వెన్న గిన్నె కుంపటి మీద ఉండగా, పక్కింట్లో బాలింతకు కాయం మందు ఇచ్చి రావలసిన పని అమ్మమ్మకు పడింది. "చూస్తూ ఉండు నాయనా, ఇదిగో ఇట్టా వెళ్ళి అట్టా వచ్చేస్తాను" అని నన్ను కుంపటి ముందు కూర్చోబెట్టి వెళ్ళింది. నేను నిజంగానే చూస్తూ కూర్చున్నాను. వెన్న కరిగింది, నురగ వచ్చింది, చిటపటలాడింది. అంతలో వీధిలో ఐసు బండి గంట మోగింది. మిగిలిన ఐదుగురూ బండి చుట్టూ మూగిన కేకలు వినిపించాయి. ఒక్క నిమిషం అనుకుని లేచాను. తిరిగి వచ్చేసరికి వంటింట్లో నీలిరంగు పొగ కమ్ముకుని ఉంది. గిన్నెలో నెయ్యి కషాయంలా నల్లబడింది. అడుగున గసి బొగ్గు పొడిలా ఉంది. ఆరుగురు పిల్లలు, నలుగురు పెద్దలు ఉన్న ఇంటికి వారం రోజుల నెయ్యి అది.

అమ్మమ్మ వచ్చింది. గిన్నెను చూసింది, నన్ను చూసింది. చీర కొంగుతో గిన్నె దించి, చల్లారాక గుడ్డలో వడగట్టి, "దేవుడి దగ్గర దీపానికి పనికొస్తుందిలే" అని సీసాలో పోసింది. ఆ పైన ఒక్క మాట కూడా అనలేదు. ఆ రాత్రి భోజనాల దగ్గర ముద్దపప్పులోకి నెయ్యి లేదు. తాతయ్య కారణం అడగకుండా పప్పునూనె గిన్నె దగ్గరికి జరుపుకుని, నా పళ్ళెంలో ముందు వేసి, తరువాత తన విస్తట్లో వేసుకున్నారు. నన్ను ఎవరైనా కొట్టి ఉంటే ఈపాటికి మరిచిపోయి ఉండేవాడిని. ఆ నూనె చుక్కలు పప్పు మీద పరుచుకోవడం మాత్రం ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టు ఉంది.

మరుసటి శనివారం ఆమె నన్నే పిలిచింది. నేను కుంపటి దగ్గరికి రానని మొండికేశాను. చేయి పట్టుకుని తన పక్కన కూర్చోబెట్టుకుని, "కళ్ళు మూసుకోరా. నెయ్యిని చూడ్డం కాదు, వినాలి" అంది. కళ్ళు మూసుకున్నాను. వెన్న కరుగుతున్నప్పుడు చప్పుడు లేదు. తరువాత వానచినుకులు తాటాకు మీద పడ్డట్టు చిటపటలు మొదలయ్యాయి. అవి పెరిగాయి, చాలాసేపు ఒకే తీరున సాగాయి. తరువాత ఒక్కొక్కటిగా పలచబడ్డాయి. "ఇప్పుడు మాట్లాడకు" అంది. చివరి చినుకు కూడా ఆగి, గిన్నెలో నిశ్శబ్దం వచ్చిన క్షణాన ఆమె తమలపాకు ఒకటి చించి వేసింది. అది ఒక్కసారి చుయ్‌మంది, నురగ రెండోసారి పొంగింది. వెంటనే దించేసింది. గిన్నెలో ఉన్న వేడే మిగతా పని చేస్తుందని, పూర్తిగా కాగాక దించుదామని కూర్చుంటే అప్పటికే ఆలస్యమైనట్టని చెప్పింది. వెన్నలో ఆరో వంతుకు అటూ ఇటూగా నీరు ఉంటుందని, ఆ నీరు ఉన్నంతసేపూ వేడి నూరు డిగ్రీల దరిదాపుల్లోనే నిలుస్తుందని, అది ఆవిరై చిటపటలు ఆగిన తరువాత వేడి ఒక్కసారిగా పెరిగి అడుగున చేరిన పాల విరుగు గబగబా ఎర్రబడుతుందని నేను కాలేజీలో చేరాక చదువుకున్నాను. ఆమె చెవికి ఆ సంగతి నాకంటే ఎంతో ముందే తెలుసు.

నెయ్యి వంచేశాక అడుగున గసి మిగిలింది. ఇటుక రంగు, ఇసుకలాంటి పలుకు. వేడి ఇంకా ఉండగానే చారెడు పంచదార చల్లి, గరిటె కాడతో గసి మీద గీతలు గీసి ఆరు వాటాలు చేసేది, పుచ్చకాయ ముక్కల్లా మధ్య నుంచి అంచుకు. ఎవరి గీత దాటి ఎవరూ వేలు పెట్టకూడదు. ఆ శనివారం గరిటె నా చేతికి ఇచ్చి, గీతలు నన్నే గీయమంది. నా వాటా అన్నిటికంటే చిన్నదిగా గీశాను. ఆమె చూసి ఏమీ అనలేదు గాని, చివరికి గిన్నె తుడిచి కలిపిన గసి అన్నం, ఉప్పు వేసి, నాకొక్కడికే పెట్టింది.

ఆవకాయ పెట్టిన రోజున కలిపిన పళ్ళెంలో వేడి అన్నం కలిపి చుట్టూ కూర్చున్నవారి చేతుల్లో ముద్దలు పెట్టడం ప్రతి తెలుగింటిలోనూ ఉన్నదే కనుక దాని గురించి విస్తరించను. ఒక్క సంగతి చెబుతాను. అమ్మమ్మ కారం, ఆవపిండి, ఉప్పు అన్నీ సోలతోనే కొలిచేది. నాలుగు గిద్దెలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక అని మాకు లెక్క నేర్పింది ఆ రోజులలోనే. బడిలో చెప్పిన కొలతల కంటే అవే ముందు వంటబట్టాయి, ఎందుకంటే తలకొట్టు, అంటే కొలత అంచుకు సమంగా చదును చేయడం, సరిగా వేసినవాడికి పళ్ళెంలో మొదటి ముద్ద దొరికేది.

ఇవన్నీ పోవడానికి ఎవరి తప్పూ లేదు. తెనాలిలో మా ఇంట్లోకి గ్యాసు పొయ్యి, ప్రెషర్ కుక్కర్ వచ్చాక అమ్మ గంజి వార్చడం మానేసింది. గంజి లేకపోతే మాడు లేదు, మాడు లేకపోతే దానికి ఎదురుచూసేవారూ లేరు. 1999లో రాష్ట్ర ప్రభుత్వం దీపం పథకం కింద మహిళా సంఘాల వారికి గ్యాసు కనెక్షన్లు ఇవ్వడం మొదలుపెట్టాక అమ్మమ్మగారి ఊరిలోనూ ఒక్కొక్క వంటింటి మీదుగా పొగ రావడం తగ్గింది. ఆ పొగను నేను తలుచుకుంటూ మురిసిపోలేను. తడి కట్టెలు ఊది ఊది అమ్మమ్మ కళ్ళు చివరి పదేళ్ళూ నీరు కారుతూనే ఉండేవి. రాత్రిళ్ళు ఆమె దగ్గు ఇంటి అవతలి గదిదాకా వినిపించేది. పాలగోకు రుచి మాకు దక్కింది, దాని పొగ ఆమె ఊపిరితిత్తులకు దక్కింది. ఈ మాట రాయకుండా ఆ రుచిని పొగడటం ఆమెకు అన్యాయం చేయడమే అవుతుంది.

అమ్మ మాత్రం ఆ అలవాటును తనకు చేతనైనట్టుగా నిలుపుకుంది. మిక్సీలో పచ్చడి చేశాక, బ్లేడు కింద చిక్కుకున్నది చేతికి రాదు కనుక, జారులో అరగ్లాసు నీళ్ళు పోసి, మూత పెట్టి ఊపి, ఆ నీళ్ళను చారులో కలిపేది. "మీ అమ్మమ్మ చూస్తే రోట్లో అన్నం తిప్పలేదేమని అంటుంది" అంటూ ప్రతిసారీ అదే మాట చెప్పేది. మా ఇంట్లో చారు ఏ రోజూ ఒకే రుచిగా ఉండకపోవడానికి కారణం అదే. దోసకాయ పచ్చడి చేసిన రోజున ఒకలా, కొబ్బరి పచ్చడి చేసిన రోజున ఇంకొకలా ఉండేది. ఆ చారు తాగి ఆ పూట పచ్చడి ఏమిటో చెప్పడం నాన్నకు సరదా.

పాలగోకు, గసి, మాడు ఈ మూడింటి వాసనలోనూ ఏదో చుట్టరికం ఉందని చిన్నప్పుడే అనిపించేది. వేడి తగిలినప్పుడు మాంసకృత్తులూ చక్కెరలూ కలిసి గోధుమరంగునూ ఆ కమ్మదనాన్నీ పుట్టిస్తాయని, 1912లో దానిని మొదట వివరించిన ఫ్రెంచి శాస్త్రవేత్త పేరు మీద దానిని మెయిలార్డ్ చర్య అంటారని తరువాత తెలిసింది. పాత్రలో అన్నిటికంటే ముందు, అన్నిటికంటే ఎక్కువసేపు సెగ తగిలేది అడుగుకే కాబట్టి ఆ కమ్మదనం అక్కడే చేరుతుంది. వాసన గురించి ఇంకొక సంగతి కూడా చదివాను. చూపు, వినికిడి మెదడులో థాలమస్ అనే మజిలీ మీదుగా వెళ్ళవలసి ఉండగా, వాసన కబురు ఆ మజిలీ దగ్గర ఆగకుండానే జ్ఞాపకాలకూ ఉద్వేగాలకూ సంబంధించిన భాగాలను చేరుతుందట. హైదరాబాదులో మా అపార్టుమెంటు మెట్ల మీద ఎవరింట్లోనో నెయ్యి కాగుతున్న వాసన తగిలి, చేతిలో కూరగాయల సంచితో రెండో అంతస్తులో నిలబడిపోయిన సాయంత్రం ఒకటి ఉంది. ఎంతసేపు నిలబడ్డానో చెప్పలేను. ఎదురింటివారు వచ్చి ఒంట్లో బాగాలేదా అని అడిగారు.

అమ్మమ్మ పోయి చాలా ఏళ్ళయింది. దాలి గుంట పూడ్చేశారు. రోలు మామయ్య ఇంటి పెరట్లో తులసికోట పక్కన బోర్లించి ఉంది. రాచ్చిప్ప అమ్మ దగ్గరి నుంచి నాకు వచ్చింది. అంచున సన్నటి బీట ఉంది కనుక పొయ్యి ఎక్కించడం లేదు, చింతపండు దాచుకుంటున్నాము. ఆల్చిప్ప ఏమయిందో ఎవరికీ తెలియదు.

పాల మీగడ వారం పాటు ఫ్రిజ్‌లో దాచి, తోడు వేసి, ఆదివారం పూట వెన్న తీసి నెయ్యి కాచడం మా ఇంట్లో నా పని. మొన్నటి ఆదివారం మా అమ్మాయి నా పక్కన స్టూలు మీద కూర్చుంది. ముందు వారం తను అడిగిన ప్రశ్న ఇంకా మనసులో ఉన్నట్టుంది. కళ్ళు మూసుకొమ్మన్నాను. ఎందుకని అడగకుండా మూసుకుంది. పక్క గదిలో టీవీ మోగుతోంటే తనే కేక వేసి ఆపించింది. చిటపటలు మొదలై, పెరిగి, పలచబడ్డాయి. "ఆగిపోయాయి నాన్నా" అంది, నాకంటే అరక్షణం ముందు. పొయ్యి కట్టేశాను. బాల్కనీ కుండీలోంచి కోసుకొచ్చిన తమలపాకును తన చేతనే వేయించాను.

నెయ్యి సీసాలోకి వంచాక పంచదార డబ్బా, చెంచా తనే తెచ్చుకుంది. నాకు ఐదుగురు పోటీదారులు ఉండేవారు. తనకు తోబుట్టువులు లేరు. గిన్నె మొత్తం తనదే. పంచదార చల్లి, వేడి చూసుకుంటూ చెంచా మొన పెట్టింది. తినబోతోందనుకున్నాను. గిన్నె ఈ అంచు నుంచి ఆ అంచు దాకా, మధ్యగా, ఒక గీత గీసి, "ఇటు పక్కది నీది" అంది.